పెద్దమ్మ చీటీ కన్నడమైన రోజు

మా పెద్దమ్మ నారాయణగూడలోని ఒక బడిలో ముప్పై ఏళ్లు తెలుగు చెప్పి రిటైరైంది. పెళ్లిపత్రిక చేతికిస్తే ముహూర్తం కంటే ముందు అచ్చుతప్పులు చూసే మనిషి. ఒక ఉదయం నన్ను తోడు తీసుకుని చిక్కడపల్లిలో కిరాణా కొట్టుకు వచ్చింది. గుమ్మంలో కుడిపక్కనున్న బియ్యం బస్తాకు గుద్దుకుని, అడ్డంగా పెట్టాడని సేటును తిట్టింది. తర్వాత సంచిలోంచి సామాన్ల చీటీ తీసి చాలాసేపు చూసింది.

"ఇది నా చీటీ కాదు. కన్నడంల ఉంది," అంది.

సేటు అందుకుని గడగడా చదివాడు: కందిపప్పు, చింతపండు, జిలకర. పెద్దమ్మ నమ్మలేదు. చీటీ నేనే మార్చేశానని నన్ను అనుమానించింది. చివరికి సేటు పెన్ను లాక్కుని, మా కళ్లముందే అట్టముక్క మీద ముత్యాల్లాంటి అక్షరాలతో మళ్లీ రాసింది. రాసి చూసుకుంది.

"ఇది గూడ కన్నడమే, బిడ్డా," అంది మెల్లగా.

సేటు, నేను నవ్వాం. ఆమె నవ్వలేదు. అప్పుడు నాకు భయమేసింది.

పక్షవాతమంటే మూతి వంకరపోవాలి, చెయ్యి పడిపోవాలి అనుకునేదాన్ని. మూతి చూశాను. చక్కగా ఉంది, పైగా తిడుతోంది. సేటు మాత్రం నవ్వు ఆపేశాడు.

"జర జల్ది దవాఖానకు తీస్కపో అక్క. మా బావకు పక్షవాతమొచ్చినప్పుడు గిట్లనే ఒక్కపక్క కనవడలే."

ఆటోలో బషీర్‌బాగ్ ఆసుపత్రికి పరుగెత్తాం. స్కాన్ చూసి డాక్టరమ్మ విడమర్చి చెప్పింది. మెదడులో ఏ రక్తనాళం పూడితే అది పోషించే భాగం పని ఆగుతుందట. మధ్య నాళమైతే మూతి, చెయ్యి, మాట, ముందుదైతే కాలు. పెద్దమ్మకు పూడింది ఎడమవైపు వెనక నాళం. అందుకే కుడిపక్క చూపు పోయింది, చదవడం పోయింది, రాయడం మిగిలింది. బాగానే ఉన్నానని ఆమె బీపీ మాత్రలు రెండు నెలలుగా మానేసిందని కూడా అక్కడే బయటపడింది.

వేళకు వెళ్లడంతో చూపు చాలావరకు తిరిగొచ్చింది. చదువే మొండికేసింది. దానికి ఉపాయం ఆమే కనిపెట్టింది. అక్షరాన్ని వేలితో గాల్లో దిద్దితే అది ఏ అక్షరమో చేతికి తెలిసిపోతోందట. ఆటోలో పోతూ బోర్డులన్నీ అలాగే దిద్దేది. నారాయణగూడలో మొదలుపెట్టిన బోర్డు అశోక్‌నగర్ చేరాక పూర్తయ్యేది. తమనే పిలుస్తోందనుకుని ఎదురొచ్చే ఆటోవాళ్లు బండి ఆపేవాళ్లు. వాళ్లకు దండం పెట్టి పంపడం నా వంతు.