మూడు కిటికీ గాజు ముక్కలు

ఆ ప్రయోగశాలలో అందరూ ఆమెను అద్దాలక్క అనేవారు. ఆమె పని గాజు పలకలు కడగడం. అగ్గిపెట్టె అంతేసి పలకలు. సబ్బునీళ్లు, మంచినీళ్లు, స్పిరిటు, మళ్లీ నీళ్లు. ఆరాక ఒక్కొక్కదాన్నీ అంచులు పట్టుకుని వెలుగుకేసి చూడాలి. మచ్చ ఉందేమో చూసి పెట్టెయ్యమంటే, ఆమె చూస్తూ ఉండిపోయేది. ఎదురు మేడ మీద ఆరేసిన దుప్పట్లు అందులోంచి నీళ్లలో తేలుతున్నట్టు కనిపించేవి. పదిహేనేళ్లయినా ఆ ముచ్చట తీరలేదు. పిచ్చి అంటే పిచ్చే, ఏం చేస్తాం.

ఆ పలకల మీద పల్చటి పూత పూసి, కొలిమిలో కాల్చి మేడం సౌర ఘటాలు తయారుచేసేది. అద్దాలక్క కన్నా పదేళ్లు చిన్నది. అరుదైన లోహాల వెంట పడడం దేనికి, రాగి, జింకు, తగరం, గంధకం కావలసినంత దొరుకుతాయి, వాటితోనే ఎండను కరెంటుగా మారిస్తే రేకుల ఇంటి మీదికి కూడా చేరుతుందని ఆవిడ పట్టు. పట్టు గట్టిదే గాని, ఘటాలే మొండికేశాయి, చాలినంత కరెంటు ఇచ్చేవి కావు.

ఒక మధ్యాహ్నం అద్దాలక్క అలా వెలుగులో మునిగి ఉండగా ట్రే చేజారింది. మూడు పలకలు పగిలాయి. ఏ కల్తీ లేని ప్రత్యేకమైన గాజు అది, ఊరికే దొరకదు. తెలిస్తే ఉద్యోగం ఊడుతుంది. ఇంటికెళ్లి, పటాలకు ఫ్రేములు కట్టే భర్త చేత కిటికీ గాజులోంచి అదే కొలతకు మూడు ముక్కలు కోయించింది. అద్దం కనిపిస్తే అన్నం మర్చిపోతావని ఆయన దెప్పుతూనే అంచులు నున్నగా అరగదీసి ఇచ్చాడు. ఆమె వాటిని కడిగి, మిగతావాటిలో కలిపేసి, నోరు మెదపకుండా ఊరుకుంది.

ఆ వారం మూడే మూడు ఘటాలు రెట్టింపు కరెంటు ఇచ్చాయి. పూత కింద, అంచుల్లో, కిటికీ గాజుకుండే లేత ఆకుపచ్చ ఛాయ. దాన్ని అద్దాలక్క ఒక్కతే పోల్చుకుంది. గాజుకీ కరెంటుకీ ఏం సంబంధంలే అని సర్దిచెప్పుకుంది.

ఆ తర్వాత చేసినవన్నీ షరా మామూలే. మేడం పూత మార్చింది, కొలిమి వేడి మార్చింది, రెండు నెలలు తిండీ తిప్పలూ మానేసి తిరిగింది. చివరికి ఆ మూడింటి కరెంటును తనే తప్పుగా కొలిచానని తేల్చుకుని, రేపటి నుంచి పలకలు కడగొద్దు, ఈ పని ఆపేస్తున్నానని చెప్పింది. ఆ ముఖం చూసి అద్దాలక్కకు దుఃఖం ఆగలేదు.

“మీ కొలత తప్పు కాదు మేడం గారూ. ఆ మూడూ కిటికీ గాజువి. నేనే పగలగొట్టి, నేనే మార్చాను.”

మేడం ఆ మూడు ఘటాలూ తీసి, అంచులు వెలుగుకేసి చూసింది.

“కిటికీ గాజులో సోడియం ఉంటుంది” అంది చివరికి, తనలో తనే. “వేడికి పూతలోకి పాకి కరెంటు పెంచి ఉంటుంది.” తర్వాత కోపంగా, “ఒక్క మాట చెప్పి ఉంటే రెండు నెలలు మిగిలేవి కదా అక్కా” అంది. నిజమే కనుక అద్దాలక్క తల వంచుకుంది.

మేడం తన కుర్చీ ఇటు జరిపి కూర్చోమంది. నోటు పుస్తకం తెరిచి, ఆ ముక్కలు ఏ సబ్బుతో కడిగావు, ఎన్నిసార్లు, ఎలా ఆరబెట్టావు, మొదటి నుంచీ చెప్పమంది. పదిహేనేళ్లలో ఆ మాట ఆమెను ఎవరూ అడగలేదు. అద్దాలక్క కళ్లు తుడుచుకుని, నెమ్మదిగా, ఒక్కొక్కటే చెప్పింది.