మబ్బు లేని రోజు వానడబ్బాలో నీళ్ళు

దయ్యాలు, గాలి సోకడాలు నేను నమ్మను. మా ఇంట్లో ఆ మాటలెత్తిన పిల్లల్ని అన్నం ముందు నుంచి లేపి పంపేవారు. ఇది చదివి ఎవరైనా నాకు తాయెత్తు కట్టించాలని చూస్తే నాకు కోపం వస్తుంది. జరిగింది జరిగినట్టు రాస్తాను. అంతకు మించి నాకేమీ తెలియదు.

మాది ఆలూరు వైపు ఒక పల్లె. ఇంటిపేరు రాయను. ఒకప్పుడు చుట్టుపక్కల తగువులన్నీ మా అరుగు మీదే తెగేవి. ఇప్పుడు ఆ అరుగు కూడా లేదు. జాలి కోసం చెప్పడం లేదు. మా ఇంట్లో ఎవరూ ఎవరి జాలీ అడగలేదు.

మా పెరట్లో సర్కారు వాళ్ళు పెట్టిన వాన కొలిచే డబ్బా ఉండేది. దాన్ని చూసుకునే పని మా జేజినాయనది, అంటే మా నాయన వాళ్ళ నాయనది. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు తలగుడ్డ చుట్టుకుని, మూత తీసి, లోపలి సీసాను గీతల గాజుగ్లాసులోకి వంచేవాడు. నేల నెర్రెలిచ్చే మే నెలలో కూడా వంచేవాడు. చుక్క రాలేది కాదు. అయినా గ్లాసును కంటి ఎత్తుకు పట్టి చూసి, ఆ తర్వాతే పుస్తకంలో సున్నా పెట్టేవాడు.

గొర్రెలు తోలుకుపోయే తిమ్మప్ప గోడ అవతల నుంచి రోజూ ఎగతాళి చేసేవాడు. "ఏం పెద్దాయనా, ఈ పొద్దు ఎండ ఎంత పడిండాది?"

"సున్నా అయినా కొలిచే రాయాలప్పా," అనేవాడు జేజినాయన, తల తిప్పకుండానే. "చూడకుండా రాస్తే అది సున్నా గాదు, అబద్ధం."

గ్లాసు కడిగి ఎండలో బోర్లించే పని నాది. ఆ గాజు మీద పడే పొద్దుటి వెలుతురు, పక్కన కొట్టంలో ఎద్దుల మెడగంటలు నాకు ఇప్పటికీ బాగా గుర్తు.

చదువయ్యాక నాకు దొరికిన ఉద్యోగం కూడా కొలతలదే. సముద్రం మీద పరిశోధనలు చేసే ఓడలో వాతావరణం నమోదు చేయాలి. ఓడ పేరు, సంస్థ పేరు ఇక్కడ అనవసరం. మూడు గంటలకోసారి గాలి వేగం, గాలి పీడనం, తేమ చూడాలి. ఆకాశాన్ని మనసులో ఎనిమిది భాగాలు చేసి, అందులో ఎన్ని భాగాలు మబ్బు ఉందో రాయాలి. తాడు కట్టిన బకెట్‌ను ఓడ పక్క నుంచి దించి, పైపై నీళ్ళు తోడి, వేడి తగ్గకముందే థర్మామీటరు ముంచాలి. వానకొలత మాత్రం రోజుకు ఒకటే, పొద్దున ఎనిమిదిన్నరకు. దేశమంతా అదే వేళ.

నేను ఒప్పంద ఉద్యోగిని. ప్రయాణం ముగిశాక ముఖ్య శాస్త్రవేత్త మంచి మాట రాస్తే ఉద్యోగం ఖాయమవుతుంది. ఊళ్ళో సగం కూలిన ఇంట్లో ఉన్న మా నాయన ఆ ఒక్క కాగితం కోసమే చూస్తున్నాడు.

ఓడలో మా సీమ మనిషి ఇంకొకరే ఉండేవారు. మైదుకూరు దగ్గరి పల్లె నుంచి వచ్చిన సుజాత. వాళ్ళ నాయన చర్చిలో పెద్ద. నీళ్ళలో ఉప్పు శాతం కొలవడం ఆమె పని. నన్ను అన్నా అని పిలిచేది. భోజనాల దగ్గర ఇద్దరం కొర్రన్నం, ఊరిబిండి పచ్చడి గుర్తు చేసుకుంటూ చప్పటి పప్పు తినేవాళ్ళం. "మన ఊర్లో బిందె నీళ్ళకి జుట్లు పట్టుకుంటారు. ఈడ చూడన్నా, నీళ్ళను చూసి వాంతులు చేసుకుంటాండాం," అని నవ్వేది. ఆ రోజులు తలచుకుంటే ఇప్పటికీ బాగుంటుంది.

బంగాళాఖాతంలోకి వచ్చిన పన్నెండో రోజు. మబ్బు ఎనిమిది భాగాల్లో సున్నా. అంతకు ముందు నాలుగు రోజులుగా చినుకు లేదు. అలాంటి రోజుల్లో మిగతా ఇద్దరు పరిశీలకులు పై డెక్కు ఎక్కకుండానే వానకొలత గడిలో సున్నా పెట్టేసేవారు. వాళ్ళను తప్పుపట్టను. నాకు మాత్రం చేయి రాదు. నిచ్చెన ఎక్కి డబ్బా దగ్గరికి పోయాను.

సుజాత కింద నీళ్ళ సీసాలు సర్దుకుంటూ తలెత్తింది. "ఏమన్నా, ఎండ ఇట్లా కొడతాంటే వానడబ్బా మూత తీస్తాండావే. ఊరు మతికొచ్చిందా?"

సీసా ఎత్తగానే బరువు తెలిసింది. గ్లాసులోకి వంచితే నీళ్ళు పడ్డాయి. ఆరు పాయింట్ నాలుగు మిల్లీమీటర్లు. నిన్న ఆ వేళకు ఖాళీ చేసి, తుడిచి పెట్టింది నేనే. డబ్బా చుట్టూ ఇనప డెక్కు పొడిగా, చెయ్యి పెడితే కాలేంత వేడిగా ఉంది.

గ్లాసు పట్టుకుని కిందికి దిగి, ఆమె చేతికిచ్చాను. ఆమె ముక్కు దగ్గర పెట్టుకుంది. నవ్వు ఆగిపోయింది.

"ఇదేందన్నా, తొలకరి వాసన వస్తాంది."

ఎండిన రేగడి మీద మొదటి వాన పడితే వచ్చే వాసన. నాకు నిచ్చెన మీదే తెలిసింది. కాని ఆమెతో నేను ఆ మాట అనలేదు. ఇది ముఖ్యం కాబట్టి రాస్తున్నాను. నేల మాకు అప్పటికి మూడు రోజుల దూరంలో ఉంది.

ఆమె నీళ్ళను యంత్రంలో పెట్టి చూసింది. ఉప్పు లేదు. అలల తుంపర కాదు. డెక్కు కడిగేది సముద్రపు నీళ్ళతోనే. ఎవరైనా ఆట పట్టించడానికి ట్యాంకు నీళ్ళు పోశారేమోనని అవి కూడా పరీక్ష చేసింది. వాటిలో క్లోరిన్ ఉంది, వీటిలో లేదు. మంచు పడినా అంత నీరు చేరదు. స్తంభం మీది ఆటోమేటిక్ వానకొలత యంత్రం ఇరవై నాలుగు గంటలకూ సున్నా చూపించింది. రాడార్‌లో ఎక్కడా మబ్బు జాడ లేదు.

ముఖ్య శాస్త్రవేత్త నన్ను గదికి పిలిచారు. మంచి మనిషి, కేకలు వేయలేదు. మబ్బు లేని రోజు వాన రాస్తే నేను రాసిన మిగతా కొలతలన్నీ అనుమానంలో పడతాయని, అలాంటి పరిశీలకుడికి మంచి మాట ఎలా రాయగలనని అడిగారు. సున్నా పెట్టమని చెప్పలేదు. కాని పెన్ను నా వైపు జరిపారు.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పనిది.

నేను కర్నూలు హాస్టల్లో పదో తరగతి చదివే ఏడు మా ఊళ్ళో వాన లేక శనగ కూడా వేయలేదు. సర్కారు కరువు జాబితాలో ఊరి పేరు వస్తుందని, సాయం అందుతుందని అందరూ ఎదురు చూస్తున్నారు. ఒక పొద్దున జేజినాయన పుస్తకంలో పెద్ద వాన రాశాడు. ఊళ్ళో ఎవరి మీదా చినుకు పడలేదు. మా పెరట్లో నేల కూడా పొడిగానే ఉందట. మా సీమలో ఎద్దు ఒక కొమ్ము తడిసి ఇంకో కొమ్ము ఎండే వానలుంటాయి. కాని ఇది అది కాదు. పెద్దలంతా వచ్చి కొట్టేయమని అడిగారు. డబ్బాలో ఉన్నది రాశానని, కొట్టేయనని అన్నాడు. ఆ వాన లెక్కతో జాబితాలో మా ఊరు రాలేదు.

ఊరిమీద కక్షతో డబ్బాలో చెంబుడు నీళ్ళు పోశాడన్నారు. మా అరుగు ఎక్కడం మానేశారు. మా పొలంలోకి కూలి మనిషి రాలేదు. మా ఇల్లు కూలడం ఆ ఏడే మొదలైంది. ఆయన మళ్ళీ ఆ సంగతి ఎత్తకుండానే పోయాడు.

ఊరు నమ్మకపోవడం వేరు. సెలవులకు ఇంటికి వచ్చిన నేను కూడా ఆయన ముఖం చూడలేక తల దించుకుని అన్నం తిన్నాను. ముసలితనంలో మతి తప్పి తానే పోశాడేమో అనుకున్నాను. ఒక్క మాట అడగలేదు. మా ఇంటి గౌరవం గురించి మాట్లాడే నేను మా ఇంటి మనిషిని నమ్మలేదు.

ఓడలో ఆ గదిలో కూర్చుని పెన్ను తీసుకున్నాను. నాయన ముఖం కళ్ళ ముందుంది. ఖాయమైన ఉద్యోగం అంటే ఆ ఇంటి పైకప్పు. గడిలో ఆరు పాయింట్ నాలుగు అని రాశాను. పక్క గడిలో "ఆకాశం నిర్మలం, నీరు మంచినీరు" అని రాసి సంతకం చేశాను.

బయట సుజాత నిలబడి ఉంది. ఉప్పు పరీక్ష ఫలితం తన పుస్తకంలో అప్పటికే ఎక్కించింది. "చూసింది చూసినట్టు రాసినాం. దానికేందన్నా భయం?" అంది. ఆమె గొంతులో కూడా భయం ఉంది.

తర్వాతి ప్రయాణానికి నాకు పిలుపు రాలేదు. ఆ రోజు కొలతకు అనుమానాస్పదం అని గుర్తు పెట్టారని తెలిసింది. వాళ్ళ స్థానంలో ఉంటే నేనూ అదే చేసేవాణ్ణి. ఇప్పుడు కర్నూలులో ఒక కాలేజీ ప్రయోగశాలలో పనిచేస్తున్నాను. ఇల్లు పూర్తిగా పడిపోయింది. నాయనకు సంగతంతా చెప్పాను. అంతా విని, "నీకు కూడా పడిండాదా," అని మాత్రం అన్నాడు.

నేను తెలిసినవాళ్ళను అడిగాను, పుస్తకాలు తిరగేశాను. ఎవరూ సరైన కారణం చెప్పలేదు. జేజినాయన పంపాడని నేను అనను, అలాంటివి నేను నమ్మను. ఆ నీళ్ళు ఎక్కడి నుంచి వచ్చాయో నాకు ఇవాళ్టికీ తెలియదు. ఎన్ని నీళ్ళో మాత్రం తెలుసు.