మూర్తి అంకుల్ పెంచిన ముళ్ళు

ముందే ఒప్పేసుకుంటున్నాను. నాకు ఏదీ ఉన్నంతలో చెప్పడం చేతకాదు. జానెడు కొమ్మ నా నోట్లోంచి బయటికొచ్చేసరికి తాటిచెట్టంత అవుతుంది. ఎంత తగ్గించుకోవాలనిపిస్తే అంత తగ్గించుకుని చదవండి.

అది 2014, మే నెల, ఇక్కడ చలికాలం ముంగిట. ఆక్లండ్‌లో ఇళ్ళకు వెళ్ళి పండ్లచెట్లు కత్తిరించడం నా వృత్తి. ఓ గురువారం ఊళ్ళోనే మౌంట్ ఆల్బర్ట్ పేట నుంచి పద్మ ఆంటీ ఫోన్ చేశారు.

"బాబూ, మా గ్రేప్‌ఫ్రూట్ చెట్టు మూడేళ్ళై కాయట్లేదు. మీ అంకుల్ కొట్టించేస్తానని శనివారానికి మనిషిని మాట్లాడేశారు. ఒక్కసారి వచ్చి చూడవా?"

దబ్బకాయ దొరకని ఊళ్ళో ఆ చెట్టు పచ్చికాయలతోనే ఆవిడ ఊరగాయ పెట్టేవారు.

వెళ్ళి చూస్తే అది చెట్టు కాదు, కోట. ఒక్కో ముల్లు మూరెడు. ఓ కొమ్మ నా టోపీ లాక్కుని ఇవ్వనంది. పక్కింటి పిల్లి అర కిలోమీటరు చుట్టు తిరిగి వెళ్తోంది.

"చూశావా ఏపు," అన్నారు మూర్తి అంకుల్, తానే కన్నట్టు. "ఏటా నేనే ప్రూనింగ్ చేస్తాను. నీరసంగా ఉన్నవి తీసేసి బలమైనవి ఉంచుతాను. అయినా కాయదు, దొంగ చెట్టు."

మోకాళ్ళ మీద కూర్చుని మొదలు చూశాను. గ్రేప్‌ఫ్రూట్‌ని వేరే మొక్క మీద అంటు కడతారు. ఆ కింది మొక్క రూట్‌స్టాక్. అంటుకు కింద నుంచి లేచే పిలకలు సక్కర్లు. గ్రేప్‌ఫ్రూట్‌కి కాడకి ఒక్కటే ఆకు; వీటికి మూడేసి ఆకులు, ముళ్ళు, పైగా చెట్టు బలమంతా ఇవే లాగేస్తాయి. అంకుల్ ఏళ్ళ తరబడి గ్రేప్‌ఫ్రూట్‌ని నరికి సక్కర్లకు ఎరువేస్తున్నారు. అసలు చెట్టు ఒకే కొమ్మగా కంచె వైపు దాక్కుని ఉంది.

"ఇవన్నీ తీసెయ్యాలి అంకుల్."

"తీసేస్తే ఇంకేం మిగులుతుంది?"

"ఆ ఒక్కటి."

"అదా? మొన్న తీసేద్దామనుకుని మర్చిపోయాను."

"మీ మతిమరుపు ఇన్నాళ్ళకి పనికొచ్చింది," అన్నారు వంటింటి కిటికీలోంచి ఆంటీ.

అంకుల్ నా వైపు తిరిగారు. "ఎప్పటికి కాస్తుందో చెప్పు. లేకపోతే శనివారం మనిషి వస్తాడు."

"వచ్చే ఏడాది చలికాలానికి కాయలుంటాయి," అన్నాను, చెట్టే చెవిలో చెప్పినట్టు.

లేత సక్కర్లను పీకి, ముదిరినవాటిని రంపంతో మొదలంటా తీశాను. మిగిలినదాన్ని చూసి "బట్టలారేసే కర్ర నయం" అన్నారు అంకుల్. అయినా ఆ మనిషికి ఫోన్ చేసి రావద్దన్నారు.

అక్కణ్ణుంచి నాకు కుదురు పోయింది. ఎటు బయల్దేరినా వ్యాను మౌంట్ ఆల్బర్ట్ వైపే తిరిగేది. పాలకని డెయిరీ కొట్టుకి వెళ్ళబోయి ఆ కంచె ముందు తేలేవాణ్ణి. సక్కరు మళ్ళీ లేచిందేమో, కొమ్మ ఎండిందేమో. అక్టోబరులో, ఇక్కడి వసంతంలో, పూత వస్తే గాలివాన సగం రాల్చేసింది. ఆ వారం రోజూ వెళ్ళి కంచె మీంచి మిగిలిన పూలు లెక్కపెట్టాను.

"కంచె మీంచి తొంగి చూడకు బాబూ, పక్కింటివాళ్ళు పోలీసుల్ని పిలుస్తారు," అన్నారు ఆంటీ. "లోపలికొచ్చి కాఫీ తాగుతూ చూడు."

నాలుగు కాయలు నిలిచాయి. చలికాలం వచ్చేదాకా ఆంటీ ఆగలేదు. పచ్చిగానే కోసి ఊరగాయ పెట్టేశారు. అంకుల్ ఇప్పుడు ఆకులు చూడందే కత్తెర తెరవరు. నేనూ ఏ చెట్టు దగ్గరికెళ్ళినా ముందు మొదలు చూసి, తర్వాతే తలెత్తుతాను.

ఇక లెక్క సరిచేస్తాను. ముల్లు మూరెడు లేదు, వేలెడే. పిల్లి మా పక్కనుంచే వెళ్ళింది. అవి సాగదీసినవి. పూర్తిగా కల్పించింది ఒక్కటే: వచ్చే ఏడాది చలికాలానికి కాస్తుందని అంకుల్‌తో అన్న మాట. ఆ రోజు నాకేమీ తెలియదు. దాన్ని నిజం చేసే పని ఆ ఒంటి కొమ్మ చూసుకుంది.