వెనుక సీటు సోపతి

మెర్లిన్ మోటారు సైకిలు వెనుక సీటు ఎవరిదని చంద్రపూర్ తుకుం బస్తీలో ఎవరినడిగినా రమదని చెప్పేవారు. బండి కాగితాల్లో ఉన్న పేరు మెర్లిన్ భర్త నోవాది. అతను గనికి కంపెనీ బస్సులో వెళ్తాడు కనుక బండి భార్య చేతికి వచ్చింది. వెనుక సీటు మాత్రం ఏ కాగితమూ లేకుండా, ఏళ్ల తరబడి ఎదురులేని అనుభవం వల్ల రమకు సంక్రమించింది. బామ్ని దగ్గరి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మెర్లిన్ నర్సు. రోగుల పేర్లు రాసుకునే కౌంటరులో రమ పనిచేస్తుంది. ఇద్దరిదీ ఒకే వేళ డ్యూటీ, పక్కపక్క గల్లీలు. మెర్లిన్ బల్లార్‌పూర్‌లో పుట్టి మరాఠీ బడిలో చదివిన మనిషి. రమ గని కార్మికుడు నాగేష్‌ను పెళ్లాడి మంచిర్యాల వైపు నుంచి వచ్చింది. ఆమె మరాఠీ ఇంకా గోడ పట్టుకుని నడిచే వయసులోనే ఉంది.

తుకుం నుంచి ఊరు దాటి, బల్లార్‌పూర్ మీదుగా బామ్నికి పోయే రోడ్డు బొగ్గు లారీలది. రోడ్డు అందరిదీ అని చట్టం ఎంత స్పష్టంగా చెప్పినా లారీ చక్రానికి చదువు రాదు. అలాంటి దారిలో బండి నడిపే మనిషికి రెండు కళ్లు చాలవు. తక్కిన రెండూ రమ. వెనుక నుంచి టిప్పరు వస్తే కుడి భుజం మీద తట్టేది. చలికాలం పొగమంచులో చేయి ముందుకు చాచి మెర్లిన్ హెల్మెట్ అద్దాన్ని తన చున్నీ కొసతో తుడిచేది. ఇక వేసవి సంగతి వేరే చెప్పాలా? చంద్రపూర్ ఎండ మనిషిని కాల్చదు, వేయిస్తుంది. రమ దారిలో సీసా నీళ్లతో దుపట్టాను తడిపి మెర్లిన్ మెడకు చుట్టేది. వడదెబ్బకు విరుగుడని ఆమె జేబులో ఒక ఉల్లిగడ్డ కూడా వేసేది. వైద్యం తెలిసిన మెర్లిన్‌కు ఉల్లిగడ్డ మీద నమ్మకం లేదు. అయినా దాన్ని ఒక్కనాడూ తీసి పారేయలేదు.

వానాకాలం ఈ సహవాసానికి పరాకాష్ఠ. నోవాకు గనిలో ఇచ్చిన పెద్ద రెయిన్‌కోటు ఒక్కటే ఇద్దరికీ. మెర్లిన్ తొడుక్కుంటే, రమ వెనుక నుంచి దాని అంచు ఎత్తి తల లోపలికి దూర్చేసేది. అక్కడినుంచి ఆమెకు దారి కనిపించదు. మెర్లిన్ చెప్పాలి, ఆమె వినాలి.

"గుంత వస్తుంది, మంచిగ పట్టుకో."

"పట్టుకున్న. ఎంత పెద్దది?"

"నీ మొగని కోపమంత."

"గట్లయితే చిన్నదే, నడువు అక్కా!"

కోటు లోపలి నుంచి వీపుకు తగిలే ఆ నవ్వు వెచ్చదనం మెర్లిన్‌కు జీతంలో ఒక భాగంలా ఉండేది.

జూన్‌లో మొదటి గట్టి వాన పడిన రోజు, మెర్లిన్ ఎప్పటిలాగే రమ ఇంటి ముందు ఆగి హారన్ కొట్టింది. రమ గొడుగు పట్టుకుని బయటికి వచ్చింది. ఆమె చేతిలో హెల్మెట్ లేదు. గల్లీ మొదట్లో ఒక తెల్లని కారు నిలబడి ఉంది. ఆసుపత్రి మందుల దుకాణంలో కొత్తగా చేరిన సుచితా మడావి కారది. గడ్చిరోలి నుంచి వచ్చి తుకుంలోనే ఇల్లు తీసుకుంది, పాత కారు ఒకటి కొనుక్కుంది.

"అక్కా, మడావి తాయి వచ్చింది," అంది రమ, మరాఠీ వాళ్లు అక్కను పిలిచినట్టే తాయి అంటూ, మెర్లిన్ ముఖం చూడకుండా. "ఇయ్యాల ఆమెతోని వస్త. నువ్వు జర నిమ్మలంగ నడువు."

"సరే," అంది మెర్లిన్. మరునాడు కూడా కారు వచ్చింది, మెర్లిన్ మళ్లీ "సరే" అంది. ఆ తరువాత ఆమె ఆ గల్లీలోకి తిరగడం మానేసింది.

దారిలో కారు ఆమెను దాటిపోయేది. అద్దాల మీద వైపర్లు అటూ ఇటూ ఊగుతుంటే, లోపల నున్నగా దువ్విన రమ తల పొడిగా కనిపించేది. ఏదో చెప్పి నవ్వుతూ ఉండేది. ఆ నవ్వు వినపడదు. వినపడకపోవడమే మెర్లిన్‌ను ఎక్కువ బాధించేది. కారు చక్రం ఎగజిమ్మిన నల్లటి బొగ్గు బురద ఆమె మోకాలిదాకా పడేది. ఆసుపత్రి చేరి కాళ్లు కడుక్కుంటూ, ఆ బురద అంతా రమ కావాలని చల్లినట్టే ఆమె రుద్దేది.

అసూయ మంచి పరిశోధకురాలు. వారం తిరగకుండానే మెర్లిన్ దగ్గర సాక్ష్యాలు పోగుపడ్డాయి. రమ బట్టలకు కారులో వేలాడదీసే అత్తరు బిళ్ల వాసన వస్తోంది. రమ టిఫిన్ డబ్బాలోని పుంటికూర తొక్కు, ఇన్నాళ్లూ మెర్లిన్ అన్నం మీద పడ్డ ఆ తొక్కు, ఇప్పుడు మడావి చపాతీ మీద పడుతోంది. మడావి ఆ గోంగూరను మరాఠీలో "అంబాడీ" అని పిలిచి లొట్టలు వేస్తోంది. పుంటికూరను అంబాడీ అనే మనిషికి ఆ తొక్కు మీద ఏం హక్కుంది?

చివరికి మెర్లిన్ ఉండబట్టలేక, మందులు తీసుకునే నెపంతో మందుల దుకాణం కిటికీ దగ్గర నిలబడి, రోజూ రమను తీసుకురావడం మడావికి చుట్టుదారి కాదా అని మరాఠీలో అడిగింది. మడావి మందుల పెట్టె కడుతూ తేలికగా నవ్వింది.

"అగ, తినేచ్ మ్హట్లం నా! మలా తుమ్చీ సోబత్ పాహిజే మ్హణాలీ."

రమే అడిగిందట. మీ తోడు కావాలి అందట. మెర్లిన్ మందులు అక్కడే మరిచిపోయి వార్డుకు వచ్చేసింది. ఇంతవరకు కారు రమను తీసుకుపోయిందనుకుంది. రమే కారును పిలుచుకుందని ఇప్పుడు తెలిసింది. రెండో పక్షం మాట వినకుండా తీర్పు చెప్పకూడదన్నది న్యాయానికి పునాది. అసూయ ఆ పునాది మీద ఏనాడూ ఇల్లు కట్టలేదు. ఫిర్యాదీ, సాక్షి, న్యాయమూర్తి అన్నీ మెర్లిన్ ఒక్కతే. మధ్యాహ్నం డ్యూటీ దిగేలోగా విచారణ, తీర్పు రెండూ ముగిశాయి.

ఆ పూట అన్నం ముందు కూర్చున్నా ఆమెకు ముద్ద దిగలేదు. నోవా చూసి చూసి అన్నాడు:

"రమ ఎవల బండెక్కితే నీకేందే? నేను పది దినాలు ఊరికి పోయినప్పుడు గూడ నువ్వు గిట్ల కూసోలే."

"నువ్వు మల్ల వస్తవని తెల్సు," అంది మెర్లిన్.

నోవాకు అది పొగడ్తో, తిట్టో తేలలేదు. చేయి కడుక్కుని లేచిపోయాడు.

మరునాటి నుంచి మెర్లిన్ శిక్ష అమలులో పెట్టింది. బస్సు కోసం రోజూ తుకుం చౌరస్తాలో నిలబడే ఆగమ్మ దగ్గర బండి ఆపింది. ఆగమ్మ అదే ఆసుపత్రిలో ఆయా. నోటికి పొగాకు, మాటకు కారం ఎప్పుడూ తక్కువ కావు.

"ఎక్కు ఆగమ్మా."

"ఇన్ని దినాలు కండ్లకు కనబడని ఆగమ్మ ఇయ్యాల ఎట్ల కనబడ్డదే?"

"ఎక్కుతవా, పోవాల్నా?"

ఆగమ్మ ఎక్కింది. ఎక్కిన క్షణం నుంచి మెర్లిన్ నడుమును బావిలో పడ్డ మనిషి తాడును పట్టుకున్నట్టు పట్టుకుంది. వాన మొదలైతే కోటు కింద దూరింది గాని, లోపల ఉండలేక పక్కనుంచి తల బయటపెట్టి లోకాన్నంతా పలకరించింది.

"బిడ్డా, లారీ! యేసయ్యనన్న పిలువు, మల్లన్ననన్న పిలువు, ఎవర్నో ఒకర్ని జల్ది పిలువే!"

"లారీ అవతలి దిక్కు పోతుంది, ఆగమ్మా. సప్పుడు చెయ్యకు."

"చేస్త. ఆ పోరి కారెక్కిందని నన్నెక్కించుకున్నవ్. తెల్వదనుకుంటున్నవా? మొగడు ఇడిసిపెట్టినట్టున్నది నీ మొకం. నాకేంది, బస్సు కోసం నిలబడే బాధ తప్పింది. మీ కొట్లాట దసరాదాంక నడువనియ్యి!"

మెర్లిన్ ఆసుపత్రి ఆవరణలో బండిని ఎప్పుడూ ఆపే షెడ్డు కింద కాకుండా, సరిగ్గా కౌంటరు కిటికీ ఎదురుగా ఆపింది. ఆగమ్మ కోటు కింద నుంచి, గంప కింది కోడిలా రెక్కలు దులుపుకుంటూ బయటపడింది. కిటికీ వెనుక రమ చేతిలోని పెన్ను ఆగిపోయింది. మెర్లిన్ అది చూసింది. చూడనట్టు కోటు దులిపింది. ఆ ప్రదర్శన మూడు నాలుగు పూటలు సాగింది.

ఆ తరువాత ఒక మధ్యాహ్నం, వాన కాసేపు తెరిపి ఇచ్చినప్పుడు, బండ్లు పెట్టే రేకుల షెడ్డు కింద రమ ఆమెను అడ్డగించింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఆమెను గా కోటులకు ఎట్ల రానిచ్చినవక్కా?"

"ఎవల్ని?"

"ఎవల్నంటవా? పొగాకు వాసనొచ్చే ముసల్దాన్ని! గది నేను కూసునే జాగ."

"నీ జాగనా?" అంది మెర్లిన్. "నీ జాగ కార్ల ఉన్నది. నువ్వే అడిగినవట గదా మడావిని, సోబత్ కావాల్నని. ఆమెనే చెప్పింది. కాదను!"

రమ ఒక అడుగు ముందుకు వేసింది.

"అడిగిన గని, నేనడిగింది సోపతి! కొత్తగ వచ్చింది, ఒక్కతే మూలకు కూసోని తింటుంది, పాపమనిపించింది. మీ సోపతి కావాల్నని చెప్పిన. మరాఠీల సోపతిని సోబతే అంటరనుకున్న. తెల్లారి చూస్తే కారు తెచ్చి ఇంటి ముంగట నిలబెట్టింది. అంత మంచిగ పిలుస్తుంటే మొకం మీద ఎట్ల వద్దంట? నాకు గంత మరాఠీ యాడున్నది?"

రమ పుట్టిన వైపు సోపతి అంటే స్నేహం, చచ్చేదాకా విడవనిది. అదే మాట ఇటు మరాఠీలో సోబత్ అయ్యేసరికి, కలిసి నడిచేపాటి తోడుగా మిగిలింది. స్నేహం అడిగిన పిల్లకు మడావి దారి తోడు ఇచ్చింది. ఆమె తప్పు లేదు. ఈమె తప్పూ లేదు. రెండు భాషలూ తెలిసి, ఆ ఒక్క మాటను అటూ ఇటూ తిప్పి చూడని మెర్లిన్‌దే తప్పు. తీర్పు కొట్టివేయక తప్పదు. కాని కొట్టివేయడం ఆమెకు కష్టంగానే ఉంది. ఇన్నాళ్లు పెంచిన కోపం, పెంచిన పిల్లలాగే అంత సులభంగా చేయి వదలదు.

"అయితే మొదటి దినమే నాకెందుకు చెప్పకపోయినవ్?"

రమ చున్నీ కొసను వేలికి చుట్టుకుంది. "అబద్ధమెందుకక్కా, రెండు దినాలకు కారు మంచిగనే అనిపించింది. బట్టలు తడుస్తలేవు, కాళ్లకు బురద లేదు. చల్లగ గాలి. నువ్వు పిలుస్తవు, అప్పుడు దిగుదామనుకున్న. నువ్వు పిలువనే లేదు. గల్లీలకు గూడ రాలేదు. పొద్దుగాల తలుపెన్క నిలబడి వింటుంటి, నీ బండి సప్పుడు ఆగకుంట పోతుండె."

బట్టలు తడవడం లేదన్న మాట మెర్లిన్‌కు ముల్లులా గుచ్చుకుంది. తలుపు వెనుక నిలబడిందన్న మాట ఆ ముల్లును సగమే తీసింది.

"పిలిస్తే వస్తవా?"

"పిలిచి చూడు."

"వాన పడుతుంటది. తడుస్తవ్."

"తడుస్త. నన్ను పిలుస్తున్నవా, బెదిరిస్తున్నవా?" రమ ముక్కు చీదుకుంది. వెంటనే గొంతు మారింది. "ఆగమ్మ సంగతేంది మరి? ఆమె రేపు గూడ చౌరస్తల నిలబడ్తది గదా. ఆమెతోని గూడ గుంతల ముచ్చట్లు చెప్పినవా?"

ఆ ప్రశ్నలోని మంటను చూసి మెర్లిన్‌కు కలిగిన సంతోషం నర్సు వృత్తికి గాని, ఆదివారం ప్రార్థనకు గాని తగినది కాదు. దాన్ని ఆమె దాచుకునే ప్రయత్నం చేయలేదు.

"చెప్పిన," అంది. "మస్తు చెప్పిన." నిజానికి ఆగమ్మ ఒక్క మాటైనా చెప్పనిస్తే కదా.

ఇంటికి బయలుదేరే ముందు ఇద్దరూ కలిసి మందుల కిటికీ దగ్గరికి వెళ్లారు. మెర్లిన్ నేర్పిన మాటను రమ గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పింది: తనకు కావలసింది "మైత్రీ" అని, దారికి తన అక్క ఉందని. సంగతి అర్థమయ్యాక మడావి కిటికీ చువ్వలు పట్టుకుని నవ్వింది. "మైత్రీ హవీ హోతీ, గాడీ నాహీ!" అని తనలో తానే అనుకుంది. స్నేహం అడిగితే కారు ఇచ్చానా అని. పుంటికూర తొక్కు మాత్రం మానొద్దని రమకు షరతు పెట్టింది. మెర్లిన్ ఆ షరతుకు ఒప్పుకున్నట్టే తల ఊపింది. తొక్కులో సగానికి మించి ఇవ్వకూడదని మనసులోనే ఒక సవరణ చేర్చుకుంది.

తెల్లవారి వాన ఆకాశం చిల్లుపడ్డట్టు కురుస్తోంది. మెర్లిన్ గల్లీలో హారన్ మోగించకముందే రమ హెల్మెట్‌తో గడపలో ఉంది. ఎక్కింది, కోటు అంచు ఎత్తింది, మాయమైంది. చౌరస్తాలో ఆగమ్మ నిలబడి ఉంది. ఆమె వారిని చూసింది, రమ కూడా కోటు అంచు ఎత్తి ఆమెను చూసింది. మెర్లిన్ ఏదో చెప్పబోయేలోగా తెల్లని కారు వచ్చి ఆగింది. ఖాళీ అయిన సీటు పాడుబెట్టడం ఎందుకని మడావి ముందుగానే ఆగమ్మకు మాట ఇచ్చినట్టుంది. ఆగమ్మ పొగాకు ఉమ్మి, కొంగు సర్దుకుని, పెళ్లికి పిలిపించుకున్న వియ్యపురాలిలా ముందు సీట్లో కూర్చుంది.

దారిలో విసాపూర్ దాటాక కారు వాళ్లను దాటిపోయింది. లోపల ఆగమ్మ చేతులు తిప్పుతూ ఏదో చెబుతోంది. మడావి పగలబడి నవ్వుతోంది. మెర్లిన్ కారు వంకే చూసింది. నిన్నటిదాకా నడుము విడవని ఆ ముసలిది ఇటు ఒక్క చూపు పారేస్తుందేమో అనుకుంది. పారేయలేదు. మెర్లిన్ చేయి తనకు తెలియకుండానే యాక్సిలరేటర్‌ను మెలిపెట్టింది.

"ఏందక్కా, గింత జోరుగ పోతున్నవ్?" కోటు లోపలి నుంచి రమ అరిచింది.

"ఎన్కకు తిరిగి ఒక్కసారన్న చూడలే."

"ఎవరు?"

మెర్లిన్ పళ్లు బిగించి కారు వెనుక దీపాలనే చూస్తూ బండి నడిపింది. ఆమె వీపుకు నుదురు ఆనించిన రమ అంతా అర్థం చేసుకుని, కోటు ఊగిపోయేంతగా నవ్వు మొదలుపెట్టింది.