నలభై తట్టల మట్టి

మా చేను పక్క చేను ఆసామి, చుట్టరికం లేకపోయినా నేను నోరారా బాబాయిగారూ అని పిలిచిన మనిషి, పోయిన నెలలో ఒక తెల్లవారుజామున కన్నుమూశారు. కబురు వచ్చేసరికి నేను పిల్లిపెసర చేలో ఆవుకి మేత కోస్తున్నాను. కొడవలి అక్కడే పడేసి గట్ల వెంట పరుగెత్తాను. ఆయనే ఉంటే, "పనిముట్టు మట్టిలో పారేసి వస్తావా!" అని ముందు దానికి చీవాట్లు పెట్టేవారు.

నేను ఈనాటికీ రైతుగా ఉన్నానంటే ఆయన చలవే. పొగడ్త కాదు, జరిగింది చెబుతాను.

తణుకు వైపు మా ఊరి పక్కనుంచి కాలవ తవ్వినప్పుడు, గట్టుకి చాలని మట్టి మా చేలోంచి తీశారు. నీళ్లొచ్చాయని ఊరంతా సంబరపడింది. మాకు నీళ్లొచ్చాయి, చేను పోయింది. పైమట్టి రెండు జానలు లేచిపోయి కింద పాలిపోయిన జిగట మన్ను మిగిలింది. మా నాన్న ఆ దిగులుతోనే పోయారు. నేను దొరికిన పెంటంతా తోలాను. ఒక్క ఆవున్నవాడికి ఎంత దొరుకుతుంది? వరి జానెడు లేచి, పసుపు తిరిగి, అక్కడే ఆగిపోయేది. రెండేళ్లు చూశాను. ఇంకో ఏడు కూడా ఇంతే అయితే చేను వదిలేసి, కోరంగి రేవుకి పోయి, బర్మాలో కూలికి రంగం ఓడ ఎక్కుతానని ఇంట్లో చెప్పేశాను. మా ఆవిడ పొయ్యి దగ్గర కూర్చుని కొంగుతో కళ్లు తుడుచుకుంది.

మర్నాడు బాబాయిగారు వచ్చారు.

"ఏంటబ్బాయ్, రంగం వెళ్తావంట?"

"నా మట్టి చచ్చిపోయిందండి, బాబాయిగారూ."

"చావలేదు, ఆకలితో ఉంది. పిల్లిపెసర చల్లి, ఎదిగాక దున్నెయ్."

"కిందటేడు చల్లానండి. మొలిచి మాడిపోయింది."

"ఉత్త గింజలు చల్లావు. ఈసారి నా చేలో మట్టి కలిపి చల్లు."

మా వైపు చేలో మట్టి పొరుగువాడికి ఎవరూ ఇవ్వరు. దాంతోపాటు లక్ష్మి వెళ్లిపోతుందంటారు. ఆయన భార్య, మా పిన్నిగారు, ఆ మాటే అని నెల్లాళ్లు ఆయనతో పలకలేదు. "లక్ష్మి వెళ్తే పక్క చేలోకేగా, రోజూ కనపడుతూనే ఉంటుంది" అన్నారట ఆయన. నలభై తట్టల మట్టి మోయించి మా గట్టు మీద కుప్ప పోశారు. అందులో ఏముందండీ అంటే, "నాకేం తెలుసు? మజ్జిగచుక్క వేయకుండా పాలు తోడుకుంటాయా?" అన్నారు.

గింజలు మొలిచాయి. నెల తిరిగాక ఒక మొక్క పీకి చూద్దును కదా, వేళ్ల నిండా ఆవగింజలంత బుడిపెలు! కిందటేడు మాడిన మొక్కలకి అవి లేవు. ఆయన చేలో తెగులు నాకు అంటగట్టారనుకున్నాను. నా కోపం సంగతి మా ఊళ్లో చెప్పక్కర్లేదు. తిట్టుకుంటూ సగం చేను పీకేశాను. పీకినవి పిడికెడు తీసుకెళ్లి, అరుగు మీద నలుగురూ ఉండగానే ఆయన ముందు విసిరి కొట్టాను.

"ఇదేనాండీ మీరు చేసిన ఉపకారం?"

ఆయన ఒక బుడిపెని గోటితో చిదిపి నా కళ్ల ముందు పెట్టారు. లోపల ఎర్రగా ఉంది.

"చచ్చిందైతే ఈ రంగు ఉంటుందా? నీ చేలో వంట మొదలైందిరా. ఎంత పీకావు?"

"సగం చేనండి."

"ఓరి సన్నాసీ!"

ఆయన నన్ను తిట్టింది అంతే. నాకు తల కొట్టేసినట్టయింది.

మిగిలిన సగం పైరూ దున్నేసి, తొలకరికి చేనంతా వరి నాటాను. తట్టెడు పెంట వేయలేదు. పిల్లిపెసర ఉన్న సగంలో వరి నడుమెత్తు లేచింది. పీకిన సగంలో మళ్లీ జానెడే. నా కోపం ఎందాకా పాకిందో ఊరంతా గట్టు మీద నిలబడి చూసి నవ్వింది. నవ్వితే నవ్వారు, రంగం మాట మళ్లీ మా ఇంట్లో వినపడలేదు.

చాలా ఏళ్లకి, రాజమండ్రి కాలేజీలో పాఠాలు చెప్పే ఒకాయన మా ఊరొచ్చి, ఆ బుడిపెల్లో కంటికి ఆనని జీవాలుంటాయనీ, గాలిలోంచి మొక్కకి సత్తువ తీసిపెడతాయనీ చెప్పారు. తెల్లదొరల సీమలో పండితులు ఈమధ్యే కనిపెట్టారట. బాబాయిగారు శ్రద్ధగా విన్నారు. "అన్ని వేలమంది ఇన్నాళ్లూ నా చేలో కష్టపడితే ఒక్కళ్లకైనా దణ్ణం పెట్టలేదండీ" అని నిజంగానే నొచ్చుకున్నారు.

నిన్న ఆయన నెల మాసికం. సాయంత్రం పిన్నిగారు నన్ను వాళ్ల చేలోకి తీసుకెళ్లారు. నడిచేలో రెండు మంచాలు పట్టేంత పల్లం ఉంది. ఆయన గట్టువార మట్టి ఇచ్చారనే ఇన్నాళ్లూ అనుకున్నాను. ఇచ్చింది అక్కడిది, ఆ చేలోకెల్లా బలమైన చోటుది. ఏటా ఏపుగా ఎదిగే పైరు మధ్య అది గట్టు మీంచి ఎన్నడూ నా కంట పడలేదు.

"పూడుద్దామంటే వినలేదు బాబూ," అన్నారు పిన్నిగారు. "ఇక్కడ తగ్గింది అక్కడ పండిందిగా అనేవారు."

నాకు ఏడుపు ఆగలేదు. రేపే మట్టి తెచ్చి పూడుస్తానన్నాను.

"వద్దు. ఉండనీ."

చుట్టూ పిల్లిపెసర ముదిరి ఎండుతోంది. పల్లంలో మాత్రం చెమ్మ నిలిచి, ఇంకా లేతగా పూస్తోంది. పిన్నిగారు అందులోకి దిగి, ఒరిగిన ఒక మొక్కని నిలబెట్టి, దాని మొదట్లో మట్టి రెండు చేతులతో మెల్లగా అదిమారు.