కాశమ్మకు నచ్చిన సినిమా

పెద్దేముల్‌లో కురుమల వాడలో మధ్యాహ్నం పూట ఆడవాళ్లు ఉన్ని ముందేసుకుని కూర్చుంటే, మాట ఎక్కడ మొదలైనా చివరికి సినిమాల దగ్గరికే వచ్చేది. నిజానికి వాళ్లు చూసిన సినిమాలు చాలా తక్కువ. కోతలు అయిపోయి చేతిలో పని లేనప్పుడు, తాండూరులో సినిమా డేరా వేశారని తెలిస్తే, బండి కట్టుకుని పోయి చూసి వచ్చినవే. తక్కువ కాబట్టే ఒక్కొక్కదాన్ని ఏళ్ల తరబడి నెమరేసుకునేవాళ్లు.

"నాకైతే గా రాక్షసుని సినిమానే," అనేది రుక్కమ్మ, కదురు తిప్పుతూ. "గాలిల ఎగురుకుంట వచ్చి ముసలి అత్తను ఎత్తుకపోతడు సూడు, గది. మా అత్త నా పక్కనే కూసొని సూసింది. ఇంటికొచ్చినంక నెల దినాలు నన్ను ఒక్క మాట అనలే."

"మీ అత్తకు చెవుడు కదనే, ఆమెకేం సమజైంది?" అనేది యాదమ్మ.

"కండ్లు మంచిగనే ఉండె."

యాదమ్మకు నచ్చింది వేరు. అందులో ఎవరూ పని చేయరు. మేడల్లో తిరుగుతారు, పాటలు పాడుకుంటారు, వేళకు వెండి పళ్లాల్లో అన్నం వస్తుంది. "కథ నాకు యాదికి లేదు. గా పళ్లాలే యాదికున్నయి," అనేది ఏమాత్రం సిగ్గుపడకుండా.

కాశమ్మ వంతు వచ్చేసరికి మాత్రం నవ్వులు తగ్గేవి. ఆమె సినిమా అందరికీ తెలిసిందే. అయినా ఆమె నోట మళ్లీ వినాలని ఉండేది.

కాశమ్మ భర్త గొర్రెలు తోలుకుని పోయింది పోలీసు యాక్షన్ జరిగిన ఏడు. రజాకార్లు మందలు పట్టుకుపోతున్నారని ఊరూరా భయం. నలుగురితో ఆలోచించి అతను తన మందను పడమటికి, కన్నడ మాట్లాడే ఊళ్ల వైపు మళ్లించాడు. గొడవ సద్దుమణగ్గానే వస్తానన్నాడు. గొడవ సద్దుమణిగింది. నిజాం రాజ్యం పోయింది. మనిషి రాలేదు. అతని తమ్ముడు అంజిలయ్య సేడం దాకా పోయి ఊరూరా అడిగి వచ్చాడు. ఒకరు చూశామన్నారు, ఒకరు ఆ మంద ఇంకెవరి వెంటో ఉందన్నారు. చచ్చాడన్న వాళ్లూ లేరు, బతికున్నాడన్న వాళ్లూ లేరు.

కొన్నేళ్లు చూసి కులపెద్దలు కూర్చున్నారు. కబురు లేని మనిషిని పోయినట్టే లెక్కగట్టాలన్నారు. ఆ రోజు కాశమ్మ చేతులకు గాజులు లేకుండా చేశారు. ఆమె ఏమని ఎదురు చెప్పగలదు? అతను ఉన్నాడనడానికి ఆమె దగ్గర ఏ ఆధారమూ లేదు.

ఆ మరుసటి ఎండాకాలమే రుక్కమ్మ ఆమెను బలవంతాన తాండూరు డేరాకు తీసుకుపోయింది. అది హిందీ సినిమా. సంతలో బేరానికి పనికొచ్చే ఉర్దూ తప్ప కాశమ్మకు ఆ భాష రాదు. ఆడవాళ్లను వేరుగా, అడ్డంగా కట్టిన గుడ్డకు ఇవతల కూర్చోబెట్టారు. తెర మీద ఒక బండివాడు పెళ్లాన్ని ఊళ్లో వదిలి పట్నం పోయాడు. ఏళ్లు గడిచాయి. తర్వాత గుడ్డ కప్పిన శవాన్ని నలుగురు మోసుకుపోయారు. కాష్టం కాలింది. పెళ్లాం గాజులు పగలగొట్టుకుంది. ఆడవాళ్లంతా ముక్కులు చీదారు. రీలు మార్చాక మళ్లీ బొమ్మ పడింది. జోరున వాన. ఎవరో తలుపు తట్టారు. పెళ్లాం దీపం పట్టుకుని తీస్తే వాకిట్లో ఆ బండివాడు, నిండా తడిసి, నిలబడి ఉన్నాడు. అంతలోనే అవతల మగవాళ్లు ఈలలు వేసి, అరిచి గోల చేశారు. బొమ్మ అక్కడితో ఆపి డేరాలో లైట్లు వేశారు. వచ్చాడన్న సంతోషానికి అరుస్తున్నారనుకున్నారు ఇవతలి ఆడవాళ్లు.

"కాల్చింది వేరేవాణ్ణి," అని చెప్పేది కాశమ్మ. "మొకం మీద గుడ్డ తియ్యలేదు కద. ఎవరో ఏమో. కని గది కాదు నేను సూసింది. తలుపు తీసినప్పుడు ఆమె చేతులకు గాజులున్నయి."

"పలగ్గొట్టుకున్నంక యాడికెల్లి వచ్చినయక్కా?" అని ఎవరో ఒకరు అడగాల్సిందే.

"మళ్ల తొడుక్కుంది. ఎవరు చెప్పకముందే, ఆయన రాకముందే. సచ్చిండంటె నమ్మలేదామె. నమ్మక తొడుక్కుంది, గందుకే వచ్చిండు."

కాశమ్మకు ఆ సినిమా ఎందుకు నచ్చిందో ఆ ఒక్క మాటలో ఉంది. తర్వాతి సంతరోజు ఆమె తాండూరులో గాజుల దుకాణం ముందు కూర్చుని రెండు చేతులూ చాపింది. ఊరు నోరు నొక్కుకుంది. కులపెద్దలు అంజిలయ్యను పిలిచి అడిగితే, "మా వదినె ఇష్టం," అని ఊరుకున్నాడు.

కానీ పెత్తరమాస వచ్చినప్పుడల్లా ఊరుకోలేకపోయేవాడు. ఆ అమావాస్యనాడు ప్రతి ఇంటా పోయినవాళ్ల పేరు మీద బియ్యం, కూరగాయలు ఇస్తారు. ఏడాదికి ఒక్కసారి వాళ్లకు అందే తిండి అది. అంజిలయ్య తండ్రికి ఇచ్చేవాడు, తాతకు ఇచ్చేవాడు. అన్నకు ఇవ్వాలంటే వదిన ఒప్పుకోవాలి. బతికున్న మనిషి పేరు మీద బియ్యం ఇస్తే అతనికి ఆయుష్షు తగ్గుతుందని కాశమ్మ భయం.

ఒక ఏడు వానలు తగ్గుతున్న రోజుల్లో అంజిలయ్య గడపలో కూర్చుని, ఆమె వైపు చూడకుండా అన్నాడు. "ఉంటే మంచిదే వదినె. లేకపోతే? ఇన్నేండ్ల సంది అన్న ఆకలితోని తిరుగుతున్నడేమో. నాకు గదే ఫికర్."

ఆ మాట కాశమ్మ లోపల దిగబడిపోయింది. ఉన్నవాడికి బియ్యం ఇస్తే పాపం. పోయినవాడికి ఇవ్వకపోతే అంతకన్నా పాపం. ఈ రెంటిలో ఏది తాను చేస్తున్నదో చెప్పేవాళ్లు లేరు.

ఆ నెలలోనే రుక్కమ్మ తన కూతుర్ని చూడటానికి వికారాబాద్ పోతూ కాశమ్మను తోడు రమ్మంది. అల్లుడు బాల్‌రాజ్ రైల్వేలో గ్యాంగ్ కూలీ. ధారూర్ దాటి రైలు వికారాబాద్‌లో ఆగేసరికి అతను స్టేషన్‌కు వచ్చి ఉన్నాడు. బయట గోడ మీద అతికించిన బొమ్మను చూసి కాశమ్మ ఆగిపోయింది. వాన. తలుపు. తడిసిన మనిషి.

"గిదే," అంది. "రుక్కీ, గిదే నా సినిమా."

"పాత సినిమా అత్తా, మళ్ల తెచ్చిన్రు. సాయంత్రం ఆటకు పోదాం," అన్నాడు బాల్‌రాజ్.

ఆ సాయంత్రం కాశమ్మ తలకు నూనె పెట్టుకుంది. దగ్గరి బంధువుల ఇంటికి పోతున్నట్టు ముస్తాబైంది. ఒకసారి చూస్తే తెలిసిపోతుంది కదా అనుకుంది. ఆ బండివాడి పెళ్లాం మళ్లీ గాజులు తొడుక్కునే చోటు సినిమాలో ఒకటి ఉండాలి. అప్పుడు డేరాలో చూపు తప్పి ఉంటుంది. ఈసారి అది కళ్లారా చూస్తే, అంజిలయ్యకు ఏం చెప్పాలో తేలిపోతుంది.

బండివాడు పట్నం పోయాడు. ఏళ్లు గడిచాయి. వాన మొదలైంది. కాశమ్మ ముందుకు వంగింది. ఇంకా శవం రాలేదే. తలుపు తట్టిన చప్పుడు. దీపం. పెళ్లాం చేతుల నిండా గాజులు. బండివాడు లోపలికి వచ్చాడు, అన్నం తిన్నాడు, దగ్గాడు. లైట్లు వెలగలేదు. అతను మంచం పట్టాడు. ఒక తెల్లవారుజామున పెళ్లాం పిలిస్తే పలకలేదు. గుడ్డ కప్పారు. నలుగురు మోసుకుపోయారు. గాజులు పగిలాయి. అప్పుడు వెలిగాయి లైట్లు.

బయటకు వచ్చాక బాల్‌రాజ్ నెమ్మదిగా చెప్పాడు. "తాండూర్ల ఆఖరి రెండు రీళ్లు అటుదిటు ఏసిన్రేమో అత్తా. డేరాలల్ల గట్ల జేస్తరు. మొగోళ్లు లొల్లి పెట్టింది గందుకే అయ్యుంటది."

రుక్కమ్మ అతన్ని కళ్లతోనే కసిరింది. "అక్కా, గా డేరాల రీళ్లు ఏసినోడు ఎవడో బుద్ధి లేనోడు..."

"గాజులు మళ్ల తొడుక్కోలేదు," అంది కాశమ్మ. "అప్పటికింక పలగ్గొట్టుకోనేలేదు."

తిరుగు రైల్లో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. రుక్కమ్మ ఆగలేక అడిగింది. "ఇప్పుడు ఏం సినిమా నచ్చిందని చెప్తవక్కా? నా రాక్షసుణ్ణి తీసుకో."

కాశమ్మ నవ్వబోయింది కానీ నవ్వు రాలేదు. "గదే చెప్త. ఇంటికొచ్చి ఇంత అన్నం తిని పోయిండు సూడు. ఆమె చేతి బువ్వ తిన్నడు. నేను ఎన్నేండ్లు ఆయనకు పిడికెడు బియ్యం కూడ ఇయ్యలే."

ఇంటికి చేరిన రోజే ఆమె అంజిలయ్యను పిలిచింది. "ఈ ఏడు మీ అన్నకు కూడ ఇద్దాం."

ఎన్నో ఏళ్లుగా కావాలనుకున్న మాట విన్నాక, అది వినకుండా ఉంటే బాగుండేదనిపించింది అంజిలయ్యకు. లేచి పోతూ అన్నాడు. "నీ చేతుల గాజుల జోలికి ఎవ్వరు రారు వదినె. నేనున్న."

పెత్తరమాసనాడు పొద్దున్నే కాశమ్మ తలస్నానం చేసి చాటలో బియ్యం పోసింది. మీద పప్పు, చింతపండు, బీరకాయలు పెట్టింది. పోయినవాళ్ల పేర బియ్యం అందుకునే జంగమయ్య వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. అంజిలయ్య తండ్రి పేరు చెప్పాడు, తాత పేరు చెప్పాడు. ఒక్కొక్క పేరుకు జంగమయ్య ఏదో చదివి బియ్యం జోలెలో పోసుకున్నాడు. తర్వాత కాశమ్మ చాట ముందుకు జరిపింది.

"ఎవరి పేరు మీద?" అని అడిగాడు జంగమయ్య.

అంజిలయ్య నోరు తెరిచాడు. భర్త పేరు ఆడది పలకకూడదు. పెళ్లయిన నాటి నుంచీ కాశమ్మ పలికింది లేదు. కొత్తకోడలిగా వచ్చిన రోజు గుమ్మంలో భర్త పేరు చెప్పి లోపలికి రమ్మన్నప్పుడు కూడా పక్కనున్న పిల్ల చేత చెప్పించింది. మందతో వెళ్లిపోయే రోజున కూడా వెనకనుంచి "ఓయ్" అనే పిలిచింది. ఆమె చెయ్యెత్తి మరిదిని ఆపింది.

"కిష్టప్ప," అంది.

జంగమయ్యకు సరిగా వినపడలేదు. మళ్లీ అడిగాడు. ఆమె ఈసారి కొంచెం గట్టిగా, వీధి దాకా వినపడేలా చెప్పింది.