కాక పూసిన తెల్ల గ్రీజు

మొన్న పొద్దున్నే గోదావరిఖని నుంచి ఫోన్ వచ్చింది. మా కాక పోయాడు. సొంత చిన్నాన్న కాదు, గని కార్మికుల క్వార్టర్లలో మా పక్కింటాయన. విన్న వెంటనే ఏడుపు రాలేదు, ముందు సిగ్గేసింది. చావు కబురు విని సిగ్గుపడటమేమిటని మీకనిపించవచ్చు. అందుకే ఇది రాస్తున్నాను.

కాక బాయిలో, అంటే బొగ్గుగనిలో, ఫిట్టరు. బొగ్గు తొట్లను లాగే ఇనుప తాడు, దాన్ని తిప్పే చక్రాలు ఆయన చేతికింద నడిచేవి. డ్యూటీ దిగి ఇంటికొచ్చాక కూడా ఆ చేతులు ఊరుకునేవి కావు. మా అమ్మ కుట్టుమిషను గానీ, ఎదురింటివాళ్ల సైకిలు గానీ కిర్రుమంటే చాలు, గ్రీజు డబ్బాతో హాజరు. "గ్రీజు కాడ పీనాసితనం చెయ్యొద్దు బిడ్డా" అనేవాడు. తలకు నూనె విషయంలోనూ అదే పద్ధతి. ఆయన ఆనుకుని కూర్చునే గోడ మీద నూనె మరక ఎప్పుడూ ఉండేది. సున్నం వేసిన ప్రతిసారీ ఆయన భార్య, మా చిన్నమ్మ, ఆయన్ని తిట్టిపోసేది.

తొంభైల చివర్లో నేను బజారులో కంప్యూటర్ టైపింగ్ షాపు పెట్టాను. పైన రేకులు, లోపల ఒక్క కంప్యూటర్. మా దగ్గరి ఎండలు ఎరిగినవాళ్లకు ఇక చెప్పేదేముంది! ఏప్రిల్ వచ్చేసరికి అది పని మధ్యలో బిగుసుకుపోవడం మొదలుపెట్టింది. కాక మూత విప్పి చూశాడు. లోపల ప్రాసెసర్ అనే చిన్న బిళ్ల, దాని వేడిని లాగడానికి పైన సన్నటి రేకులున్న అల్యూమినియం దిమ్మె, ఆపైన ఫ్యాను. బిళ్ల నుంచి దిమ్మెకు వేడి దాటడానికి మధ్యలో పూసిన తెల్లటి ముద్ద ఎండిపోయి పెచ్చులు లేచింది. కరీంనగర్ నుంచి ఆ ముద్ద కొత్త ట్యూబు తెప్పించాను. కాక దాన్ని బేరింగుకు గ్రీజు దట్టించినట్టు దట్టించాడు. పక్కలకు పొంగి వస్తే ఇద్దరం సంబరపడ్డాం కూడా.

అప్పుడే నాకు ఒక హైస్కూలు పరీక్ష పేపర్ల పని వచ్చింది. అది బాగా చేస్తే ఆ స్కూలు పనంతా నాకే. చెడితే షాపు మూసుకోవాల్సిందే, అప్పటికి వేరే పని లేదు. హెడ్మాస్టరు గారు పక్కన కూర్చుని సరిచూస్తుంటే, లెక్కల పేపరు సగంలో కంప్యూటర్ ఆగిపోయింది. మళ్లీ వేస్తే ఇంకా తొందరగా ఆగింది. టైపు చేసిందంతా పోయింది.

"పని రానోళ్లు షాపులెందుకు పెడ్తరమ్మా?" అన్నారాయన.

అక్కడే ఉన్న కాక మూత విప్పి, దిమ్మె మీది రేకులకు వేలు ఆనించాడు. ఆ వేలు తియ్యకుండానే అన్నాడు:

"రేకులు సల్లగున్నయి బిడ్డా. కింద మంట, మీద సల్లదనం. బిళ్లకు దిమ్మె ఆనితేనే వేడి పైకొస్తది. నడుమ నేను ముద్దతోని గోడ కట్టిన."

తర్వాత హెడ్మాస్టరు వైపు తిరిగాడు. భుజం మీది తువ్వాల తీసి చంకలో పెట్టుకుని చేతులు జోడించాడు. "తప్పు పిల్లది కాదు సార్, నాది. ఆమెకు పని మంచిగొస్తది. పొద్దుగూకేదాక టైం ఇయ్యుండ్రి."

బాయిలో ఆఫీసర్లతో కూడా తలెత్తి మాట్లాడే మనిషి, కొడుకు వయసువాడి ముందు తల వంచుకుని నిలబడ్డాడు. ఆ వంచిన తలను చూడలేక నేను నేల చూపులు చూశాను. భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది. హెడ్మాస్టరు గారు సరేనని వెళ్లిపోయారు.

కాక ఆ ముద్దనంతా గుడ్డతో తుడిచేశాడు. అద్దం ముక్క మీద సన్నటి గరుకు కాగితం పరిచి, దిమ్మె అడుగును చదునయ్యేదాకా నిమ్మళంగా, గుండ్రంగా రుద్దాడు. పెసరగింజంత ముద్ద పెట్టి, దిమ్మెను నొక్కి, మళ్లీ ఎత్తి చూశాడు. తెల్లటి అచ్చు రెండు వైపులా పల్చగా, సమంగా పడింది. "ఇది గ్రీజు కాదు బిడ్డా. కంటికి కానరాని సందులు పూడిస్తే సాలు" అన్నాడు. అన్నది నాతోనే గానీ, నా ముఖం చూడలేదు.

కంప్యూటర్ మళ్లీ ఆగలేదు. సాయంత్రానికి పేపర్లన్నీ ఇచ్చేశాను. ఆ స్కూలు పని ఏళ్ల తరబడి నా దగ్గరే ఉంది. ఇవాళ నేను తింటున్న అన్నం ఆ పూట కాక నిలబెట్టిందే. సంగతి అంతటితో అయిపోయిందనుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం షాపు గడప బయట ఎవరో గొంతు సవరించుకున్నారు. చూస్తే కాక. అంతకుముందు నేరుగా లోపలికొచ్చి కుర్చీ లాక్కుని కూర్చునే మనిషి.

"లోపటికి రావొచ్చునా బిడ్డా?"

"అదేంది కాకా, గట్ల అడుగుతవు?" అన్నాను.

అప్పటి నుంచి ఎప్పుడొచ్చినా అడిగేవాడు. బతిమాలాను, కోప్పడ్డాను, చిన్నమ్మతో చెప్పించాను. నవ్వేవాడు. మళ్లీ వచ్చినప్పుడు మళ్లీ అడిగేవాడు. ఆ ముసలాయన సిగ్గును నేను ఏ మాటతోనూ తుడవలేకపోయాను. కళ్లు మూసుకుంటే ఇప్పటికీ కనిపిస్తాడు. చెప్పులు బయటే విడిచి, కాలే సిమెంటు మీద ఒక పాదం ఎత్తి ఒక పాదం మోపుతూ, నేను రమ్మనేదాకా ఆగి ఉంటాడు.